చెరువు కమిటీలో వాడ ఎక్కడ?

ఏర్పేడు నుంచి ఏ దిక్కుకు పోయినా ఎక్కడో ఒకచోట చెరువు కట్ట ఎదురుపడుతుంది. స్వర్ణముఖి పేరుకు నదే గాని ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఈ సీమకు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో, తుఫాన్లతో వస్తుంది. ఆ రెండు మూడు నెలల్లో పడిన నీళ్లను కట్ట కట్టి ఆపుకుంటేనే కయ్యల్లో నాట్లు, బావుల్లో ఊట. అందుకే ఇక్కడ ఊరి చరిత్ర రాయాలంటే గుడి దగ్గర మొదలుపెట్టకూడదు, చెరువు దగ్గర మొదలుపెట్టాల. మన చరిత్రకారులు మాత్రం గుడి గోడల మీద శాసనాలు చదివి ఆగిపోయినారు.

చెరువు బాగుచేయాలంటే ఊరంతా కూర్చుని మాట్లాడుకోవాల అని ఈ పొద్దు అందరూ అంటున్నారు. ప్రభుత్వాలు అంటున్నాయి, ప్రపంచ బ్యాంకు అంటున్నాది, స్వచ్ఛంద సంస్థలు అంటున్నాయి. 'ప్రజల భాగస్వామ్యం' అనే మాట లేకుండా ఒక్క ప్రాజెక్టు కాగితం కూడా బయటికి రావడం లేదు. మంచిదే. అయితే మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కూర్చునే ఊరిలో వాడ ఉందా? ఉంటే ఎక్కడ కూర్చుంది, చేతులెత్తే వరసలోనా, మట్టి మోసే వరసలోనా?

పాత కమిటీ, పాత అర్హతలు

ఏర్పేడు మండలంలోనే గుడిమల్లం ఉంది. పరశురామేశ్వర ఆలయంలోని లింగం వల్ల ఆ ఊరి పేరు దేశమంతా తెలుసు. అక్కడి బాణరాజుల కాలపు శాసనాల్లో ఆ ఊరి పేరు తిరువిప్పిరంబేడు. ఆ రోజుల్లో ఈ ప్రాంతం తొండైమండలంలో భాగం. కంచి వైపు సాగిన పాలనా పద్ధతులకు, ఇక్కడి పద్ధతులకు చుట్టరికం ఉంది. ఆ తొండైమండలంలోనే, ఇప్పటి కాంచీపురం జిల్లాలో ఉత్తరమేరూరు ఉంది. మొదటి పరాంతక చోళుడి కాలంలో, క్రీ.శ. 919, 921 ప్రాంతంలో చెక్కించిన అక్కడి శాసనాలను భారత ప్రజాస్వామ్యానికి తాతలనాటి సాక్ష్యంగా మన పాఠ్యపుస్తకాలు పొగుడుతాయి.

నిజమే, అందులో చెరువుకు ప్రత్యేకంగా ఒక కమిటీ ఉంది. దాని పేరు ఏరి వారియం. తమిళంలో ఏరి అంటే చెరువు. ఊరిని 30 వార్డులు చేసి, తాటాకు చీటీల మీద పేర్లు రాసి, కుండలో వేసి, చిన్నపిల్లవాడి చేత తీయించేవాళ్లు. ఎంపికైన 30 మందిలో 12 మంది సంవత్సర కమిటీకి, 12 మంది తోటల కమిటీకి, 6 మంది చెరువు కమిటీకి. లెక్కలు చూపనివాడికి మళ్లీ అవకాశం లేదు. ఇంత చక్కని పద్ధతి వెయ్యేళ్ల కిందట ఉందంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

కాని చీటీ మీద పేరెక్కాలంటే అర్హతలున్నాయి. పన్ను కట్టే భూమి పావు వేలికి మించి ఉండాల. సొంత స్థలంలో ఇల్లుండాల. వయసు 35కీ 70కీ మధ్య ఉండాల. వేదం తెలిసుండాల. వేదం బాగా చదివినవాడికి భూమి అర్హతలో కొంత సడలింపు ఉంది. వేదం వింటేనే శిక్షలు రాసిపెట్టిన ధర్మశాస్త్రాల దేశంలో ఈ అర్హతల అర్థమేంటో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. అది బ్రాహ్మణ అగ్రహారపు సభ. ఆ సభ దాటి పరైచ్చేరి ఉంది. మొదటి రాజరాజు తంజావూరు శాసనాల్లో పన్నులేని స్థలాల జాబితాలో పరైచ్చేరి, తీండాచ్చేరి అని విడిగా రాసినారు. తీండాచ్చేరి అంటే అంటరానివాళ్ల పేట. పేట శాసనానికెక్కింది. పేటలోని మనిషి చీటీకెక్కలేదు.

ఇది పాత పగ కోసం తవ్వడం లేదు. చెరువును ఎవరు 'ప్లాను' చేయాల అనే ప్రశ్నకు మన నేల మీద దొరికే పాత జవాబుల్లో ఇదొకటి: భూమీ, చదువూ, కులమూ ఉన్నవాడు. తర్వాత వచ్చిన జవాబుల్లో చదువు షరతు, కులం షరతు పైకి కనిపించకుండా పోయినాయి. భూమి షరతు మాత్రం పోలేదు.

చేతులు వాడవి

ఏరి వారియంలో ఆరుగురు కూర్చుని తీర్మానం చేస్తే తూము దానంతటది తెరుచుకోదు గదా. తెరిచినవాడు నీరుగంటి. తెలంగాణలో నీరడి అంటారు. రాయలసీమ ఊళ్లల్లో ఈ పని ఎక్కువగా మాలలదీ మాదిగలదీ. ఏ కయ్యకు ఏ జాములో నీళ్లు పోవాల, ఏ కాలవ ఎంత తాగుతుంది, పైమడి వాడు దొంగతనంగా మడవ తిప్పుకుంటే కింది మడి ఎన్నిరోజులకు ఎండుతుంది, ఇవన్నీ వాడి తలలో ఉంటాయి. చెరువు సగం నిండిన ఏడాది ఎన్ని ఎకరాలకు నాటు వేయొచ్చో వాడు కట్ట మీద నిలబడి చెప్పగలడు. తుఫాను రాత్రి అందరూ తలుపులు బిగించుకుంటే వాడు గోనె కప్పుకుని కట్ట మీద తిరుగుతాడు. ఎండ్రకాయల బొక్కలు, ఎలక బొక్కలు వెతికి మట్టి కూరుతాడు. కలుజు మీద నీళ్లు ఏ మట్టానికి ఎక్కితే ఊరిని లేపాలో వాడికి తెలుసు.

ఈ పనికి కూలి రూపాయల్లో లేదు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు ఇచ్చే మేర. కొన్నిచోట్ల కొంచెం మాన్యం. చాకలికి, మంగలికి, కుమ్మరికి ఇచ్చినట్టే నీరుగంటికీ చాటలోనో చేటలోనో పోసేవాళ్లు. పంట పండకపోతే మేర లేదు. పండినా కల్లం దగ్గర దూరంగా నిలబడి చేతులు చాపాల. నీళ్లను పంచే చేతికి ఆ నీళ్ల బాయిలో చేద వేసే హక్కు లేదు. నీళ్ల శాస్త్రం తెలిసినవాడు వాడే, ఆ శాస్త్రానికి వారసుడిగా పుస్తకాలకెక్కింది మాత్రం ఇంజనీర్లూ రాజులూ.

ఇంగ్లీషువాళ్లు వచ్చినాక ఇది మారిందా? వాళ్లు పాత పద్ధతికి చట్టం రాసినారు. కుడిమరామత్తు అంటే రైతులే తమ చెరువు పనులు చేసుకునే ఆచారం. ఈ ఆచారాన్ని పల్లె స్వయంపాలనకు గుర్తుగా ఇప్పటికీ తలుచుకుంటారు. 1858లో మద్రాసు నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. కట్ట తెగే ప్రమాదం వస్తే చుట్టుపక్కల ఉండే 'శ్రామిక తరగతుల' మగవాళ్లను, ఒంట్లో శక్తి ఉన్న వాళ్లనందరినీ పనికి పిలిచే అధికారం అది ఊరి పెద్దకిచ్చింది. ఆచారం ప్రకారం పనికి రావాల్సిన రైతు రాకపోతే ఆ శ్రమ విలువకు రెండింతలు కట్టమన్నది. ఈ రెండు నిబంధనలూ పక్కపక్కన పెట్టి చదవండి. భూమి ఉన్నవాడు డబ్బు కట్టి తప్పించుకోవచ్చు. శ్రామిక తరగతి వాడి దగ్గర ఇచ్చేందుకు ఉన్నది ఒళ్లే. ఊరంతా కలిసి చెరువు కాపాడుకున్న కథలో 'ఊరంతా' అనే మాట వెనక ఇంత తేడా దాగుంది. 1883లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం కూడా ప్రతి చెరువునూ ఆయకట్టు ఎకరాలతో, శిస్తుతో కొలిచింది. చెరువు సర్కారు లెక్కలో ఆదాయమైంది. దాని చుట్టూ బతికే భూమిలేని మనిషి ఆ లెక్కకు రాలేదు.

'పబ్లిక్' అనే మాట కోసం

చెరువు అందరిదీ అని మొదట గట్టిగా అన్నది ఆయకట్టు రైతులు కాదు, అంటరానివాళ్లు. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ ఒక తీర్మానం పెట్టి గెలిపించినారు. పబ్లిక్ రోడ్డు, వీధి, బాయి, చెరువు, ఏ తరగతి వాడైనా వాడుకోవచ్చు అనేది దాని సారాంశం. ఆ ఏడాదే ప్రభుత్వం దాన్ని ఉత్తర్వుగా ప్రకటించింది. చిత్తూరు జిల్లా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది గనక ఆ ఉత్తర్వు మన చెరువులకూ వర్తించింది. కాగితం వచ్చింది, కట్ట మీదికి రావడానికి ఎన్ని తరాలు పట్టిందో వాడల్లో ముసలివాళ్లనడిగితే తెలుస్తుంది.

పడమట బొంబాయి రాష్ట్రంలో 1923లో ఇలాంటి తీర్మానమే వచ్చింది. దాన్ని నమ్మి 1927 మార్చి 20న డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో మహాడ్‌లో చవదార్ చెరువుకు నడిచి దోసెడు నీళ్లు తాగినారు. ఆ దోసెడు నీళ్లకు దెబ్బలు పడినాయి. చెరువును పంచగవ్యంతో 'శుద్ధి' చేసినారు. కోర్టు వ్యాజ్యం 1937లో బొంబాయి హైకోర్టులో అంటరానివాళ్ల పక్షాన ముగిసింది. చెరువు నీళ్లు దాహం కంటే పెద్ద విషయమని, మనిషిగా నిలబడే హక్కని మహాడ్ చెప్పింది.

మన రాష్ట్రంలో 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడు. మాదిగపల్లె వాళ్లు తాగే చెరువులోకి గేదెల కుడితి నీళ్లు పోతుంటే అడ్డుపడినందుకు మొదలైన గొడవ. బిందె ఎత్తి ఎదురు నిలిచింది మున్నంగి సువార్త. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగలను వేటాడి చంపినారు. దళిత మహాసభ అక్కడ పుట్టింది. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీటి వనరును పాడుచేయడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టంలో రాసినారంటే, ఆ అక్షరాల వెనక కారంచేడు చెరువు కూడా ఉంది. కాబట్టి చెరువు నిర్వహణ గురించి దళితులకు చెప్పడానికి ఏముంది అని ఎవరన్నా అడిగితే, 'పబ్లిక్ చెరువు' అనే మాటకు ప్రాణం పెట్టిందే మేమని జవాబు చెప్పాల.

1997: ఓటెవరికి?

1997లో ఆంధ్రప్రదేశ్ రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం వచ్చింది. కాలవలూ చెరువులూ రైతుల చేతికే ఇస్తామన్నారు. ఆ జూన్‌లో పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిగినాయి. దేశదేశాల నుంచి చూసేందుకు వచ్చినారు. ఇంజనీరు ముందు రైతు కుర్చీ వేసుకుని కూర్చోవడం చిన్న మార్పేమీ కాదు, దాన్ని కాదనక్కరలేదు.

కాని ఓటెవరిది? సంఘం పరిధిలో నీళ్లు వాడే భూమిదారుడిది. భూమిదారుడంటే ఎవరు? పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింది రికార్డులో యజమానిగానో కౌలుదారుగానో పేరున్నవాడు. నోటిమాట కౌలుకు చేసే దళిత రైతు రికార్డులో లేడు. నాటు వేసే, కలుపు తీసే, కోత కోసే ఆడమనిషి రికార్డులో లేదు. భూమి ఉన్న ఇంట్లో కూడా పాసుపుస్తకం మొగుడి పేరనే. తూము తీసే నీరుగంటి రికార్డులో లేడు. చెరువు గర్భంలో గొర్రెలు మేపేవాడు, చేపలు పట్టేవాడు, బట్టలుతికే చాకలి, ఇటుకకు మట్టి తీసేవాడు, ఎవరూ ఓటర్లు కారు. భూమి లేని నీటి వాడకందారులకు సంఘంలో సభ్యత్వమనే పేరుంది గాని ఓటు లేదు. పావు వేలి పోయి పాసుపుస్తకం వచ్చింది.

2007లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మూడువేల చెరువుల కోసం సామాజిక చెరువుల నిర్వహణ ప్రాజెక్టు మొదలైంది. అందులో చేపలు, పశువులు, ముంపు నేలలో చెట్ల పెంపకం కూడా చేర్చినారు. చెరువంటే ఆయకట్టు నీళ్లొకటే కాదని కాగితం మీద ఒప్పుకోవడం ముందడుగే. అయినా అధికార కేంద్రం మాత్రం అదే సంఘం, అదే ఓటరు జాబితా. భూమిలేనివాళ్లు లబ్ధిదారులుగా వచ్చినారు, నిర్ణేతలుగా రాలేదు. లబ్ధిదారుడు అనే మాట మన పాత మేరకు కొత్త పేరు. 2024 డిసెంబరులో ఆంధ్రలో మళ్లీ నీటి సంఘాల ఎన్నికలు జరిగినప్పుడు కూడా భూమి కొలబద్ద కదల్లేదు.

చెరువంటే నీళ్లొకటేనా?

వాడ వైపు నుంచి చూస్తే చెరువులో పంటనీళ్లు ఒక భాగమే. వండలి మట్టి ఉంది, అది ఎండిన పొలానికి ఎరువు. ముంపులో తుమ్మచెట్లు ఉన్నాయి, అవి వంటచెరకు, బొగ్గు. జమ్ము ఉంది, తుంగ ఉంది, అవి పైకప్పుకూ చాపకూ పనికొస్తాయి. గడ్డి ఉంది. చేపలు, గుల్లలు, ఎండ్రకాయలు ఉన్నాయి, కూలి దొరకని నెలల్లో కూరకు అవే. నీళ్లు తీసినాక తేమ ఉన్న నేలలో రెండు మూడు నెలల పంట ఉంది. ఇవన్నీ ఏ రికార్డులోనూ హక్కులుగా లేవు, అలవాటుగా ఉన్నాయి.

అలవాటుగా ఉన్నదాన్ని ప్లానులోకి తెచ్చిన రోజే అది పోతుంది. ఎట్లంటే, తుమ్మచెట్లకు వేలం వస్తుంది, చేపలకు గుత్త వస్తుంది. గుత్త పాడినవాడు కాపలా పెడతాడు. నిన్నటిదాకా గంపతో దిగిన ఆడమనిషి ఈ పొద్దు దొంగ. పూడిక తీసే పథకాల్లో మట్టి ఉచితమేనంటారు, ట్రాక్టరు ఉన్నవాడికి అది ఉచితం. తట్ట ఉన్నవాడికి తట్టెడే. చెరువు పోరంబోకులో సాగుచేసుకుంటూ వచ్చిన వాడ కుటుంబాలను ఆక్రమణదారులని ముందు లేపుతారు. చెరువులను కాపాడాలని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది న్యాయమే. ఆ తీర్పు అమలయ్యేటప్పుడు కట్టకు ఏ పక్క ఇల్లు ముందు కూలుతుందనేదే మన ప్రశ్న.

పెద్ద సరస్సులు చెప్పే పాఠం

ఇదే తంతు పెద్ద నీళ్ల దగ్గర పెద్దదిగా కనిపిస్తుంది. ఏర్పేడు నుంచి తూర్పుకు, శ్రీకాళహస్తి దాటి సూళ్లూరుపేట పోతే పులికాట్ వస్తుంది. చిల్కా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినాక ఏర్పేడు, సూళ్లూరుపేట రెండూ తిరుపతి జిల్లాలోకే వచ్చినాయి. పులికాట్‌లో తమిళనాడు వైపు పాడు అనే పద్ధతి ఉంది. చేపలు బాగా పడే చోట్లను వంతులేసుకుని పంచుకుంటారు. ఎవరూ సరస్సును ఒక్కడే మింగకుండా చూసే పద్ధతిగా పరిశోధకులు దీన్ని మెచ్చుకున్నారు. ఆ వంతు మాత్రం పట్టణవర్ కులంలో పెళ్లయిన మగవాళ్లది. దళితులూ గిరిజనులూ ఆ వంతుల బయట, ఒడ్డు నీళ్లలో చేతుల్తో రొయ్యలు వెతుక్కుంటారు. ఆంధ్ర వైపు పక్షుల అభయారణ్యం 1976 నుంచి ఉంది. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం వచ్చినప్పుడు దీవిలోని యానాదులను కదిలించినారు. రాయదొరువు ముఖద్వారం పూడిపోయి సముద్రపు నీళ్లు లోపలికి రాకపోతే ముందు ఆకలి పడేది చేతుల్తో పట్టేవాడే. పక్షికి ఎంత నీళ్లు కావాలో లెక్కేసిన ప్లాన్లలో యానాది గంపకు ఎన్ని రొయ్యలు కావాలో లెక్క ఎక్కడ?

కొల్లేరు కథ ఇంకా చేదు. 1976లో ప్రభుత్వమే లంక గ్రామాల మత్స్యకారులతో, దళితులతో, పేదలతో సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. పెట్టుబడి లేని సంఘాల చెరువులు కొన్నేళ్లకే డబ్బున్న బయటివాళ్ల లీజుల్లోకి పోయినాయి. సంఘం పేరు పేదలది, లాభం దొరలది. 1999లో అయిదో కాంటూరు దాకా సరస్సును అభయారణ్యమన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు కొట్టేసినారు. సరస్సు బతకాలంటే గట్లు పోవాల్సిందే కావచ్చు. అయితే లీజుదారు తన డబ్బు తీసుకుని ఇంకోచోట చెరువు తవ్వుకున్నాడు, లంకలోని దళితుడు ఎక్కడికి పోతాడు? సరస్సును ఇచ్చినప్పుడు వాడినడగలేదు. తీసుకున్నప్పుడూ అడగలేదు.

ఆయకట్టు పోయినాక

మళ్లీ ఏర్పేడుకు వద్దాం. ఈ పదేళ్లలో ఈ నేల మారిపోయింది. ఐఐటీ వచ్చింది, ఐసర్ వచ్చింది. విశాఖ–చెన్నై పారిశ్రామిక కారిడార్‌లో శ్రీకాళహస్తి–ఏర్పేడును ఒక కేంద్రంగా గుర్తించినారు. ఎకరం ధర పెరిగే కొద్దీ కయ్య ప్లాటవుతుంది. స్వర్ణముఖి ఇసుకకు రేటొచ్చింది. 2017 ఏప్రిల్ 21న మునగలపాళెం జనం అక్రమ ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకునేందుకు ఏర్పేడు పోలీసుస్టేషన్ దగ్గరికి వస్తే, రోడ్డు పక్క నిలబడినవాళ్ల మీదికి లారీ దూసుకొచ్చి పదిహేను మందిదాకా పోయినారు. ఏటి ఇసుక గురించి మాట్లాడేందుకు ఊరికొక బల్ల, ఒక సభ, ఒక చట్టబద్ధమైన చోటు ఉండుంటే ఆ జనం ఆ పొద్దు రోడ్డు మీద నిలబడే పని ఉండేదా అని అడగకుండా ఉండలేం.

ఇక్కడే అసలు సంగతి ఉంది. చెరువు కమిటీని ఆయకట్టు మీద కట్టినారు. ఆయకట్టు ప్లాట్లయిన రోజు ఆ ఓటరుకు చెరువుతో పని తీరిపోతుంది. నిండిన చెరువు వాడి ప్లాటుకు చెమ్మ, అడ్డం. అప్పటికీ చెరువు కావాల్సినవాళ్లు ఎవరు మిగులుతారు? మేకలు మేపేవాళ్లు, గంపతో దిగేవాళ్లు, వాడ బోరులో నీళ్లుండాలంటే చెరువు నిండాల్సినవాళ్లు. అంటే ఇన్నేళ్లూ ఓటు లేనివాళ్లే. భూమి కొలబద్ద దళితులకు అన్యాయం చేసింది, అది చాలదన్నట్టు చెరువుకే ద్రోహం చేయబోతున్నాది.

కనక మనం అడగాల్సింది దయ కాదు, లెక్క మార్చమని. చెరువు సంఘంలో ఓటు భూమిని బట్టి కాక వాడకాన్ని బట్టి, శ్రమను బట్టి ఉండాల. ఊళ్లో వయసొచ్చిన ప్రతి ఆడా మగా గ్రామసభలో ఓటరైనట్టే చెరువు సభలోనూ ఓటరు కావాల. వండలి, చేప, గడ్డి, కట్టె, ముంపు నేల, ఒక్కొక్కదాని మీద ఎవరి అలవాటు ఏంటో ముందు రాసుకోవాల, ఆ తర్వాతే వేలం మాట. నీరుగంటికి మేర కాకుండా జీతమూ, కమిటీలో కుర్చీ రెండూ ఉండాల. పోరంబోకు నుంచి లేపాల్సి వస్తే, బదులు నేల చూపించినాకే లేపాల.

సభ ఎక్కడ పెడతారో కూడా మనమే అడగాల. గుడి మంటపంలో పెడితే వాడ గుమ్మం బయట నిలబడుతుంది, పెద్దరైతు వసారాలో పెడితే కింద కూర్చుంటుంది. చెరువు కట్ట మీద పెట్టండి. తుఫాను రాత్రుల్లో అక్కడ తిరిగినవాళ్లకు ఆ చోటు కొత్త కాదు.